జొన్నరసం, ఈస్టు, ఒక డైరెక్టరుగారు

నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ అది ఏ ఉద్యోగమో మా అమ్మ ఉదయగిరి చర్చిలో ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. "మా కరుణ పెట్రోలు కంపెనీలో ఉండాది" అనేది. అందులో అబద్ధమేమీ లేదు. కానీ మాది తాతల కాలం నుంచీ బాప్టిస్టు కుటుంబం. మా నాయన మిషన్ స్కూల్లో పంతులుగా చేస్తూ, సెలవు రోజుల్లో సారా కొట్టు ముందు నిలబడి తాగొద్దని పాటలు పాడిన మనిషి. ఆయన కూతురు సూక్ష్మజీవుల శాస్త్రంలో డాక్టరేట్ పుచ్చుకుని, తీరా ఆత్మకూరులో ఆ సూక్ష్మజీవుల చేత ఆల్కహాలు చేయించే పనిలో చేరిందని సంఘంలో ఎలా చెప్పుకోవాలో అమ్మకు తెలియలేదు. నన్నడిగితే నాకూ తెలియలేదు.

ఇప్పుడు రిటైరై ఉదయగిరిలోనే కూర్చున్నాను కాబట్టి చెప్పేస్తున్నాను. ఈ రంగంలోకి వచ్చే పిల్లలు కాలేజీలో నేర్చుకునేది ఎలాగూ నేర్చుకుంటారు. నేను రాసేది కాలేజీలో చెప్పని సంగతులు. నా ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవే తక్కువ, వాటిలో వినదగ్గవి అంతకన్నా తక్కువ.

*ఈస్టుకు తెలిసిన పని*

ముందు కొంచెం సైన్సు. భయపడకండి, కొంచెమే.

ఈస్టు అంటే కంటికి కనిపించనంత చిన్న జీవి. కల్లును పులియబెట్టేది అదే, బ్రెడ్డును పొంగించేదీ అదే. చక్కెర తింటుంది, ఇథనాలు అనే ఆల్కహాలు వదులుతుంది. సారాలో ఉండేదీ, బంకుల్లో పెట్రోలుతో కలిపి మనకు పోసేదీ ఆ ఇథనాలే. ఈ ఒక్క పనిని ఈస్టు మహా శ్రద్ధగా చేస్తుంది. బాగా పనిచేసేవాళ్ళను వాళ్ళ మానాన వదిలేయడం మన సంస్థలకు చేతకాదు కదా, అందుకని మాలాంటివాళ్ళను నియమించారు.

మా కంపెనీకి కావలసింది ఐసోబ్యుటనాలు. అదీ ఆల్కహాలే, కాకపోతే ఇథనాలు కంటే బలమైన ఇంధనం. నీళ్ళను అంతగా పీల్చుకోదు, ఇంజను భాగాలను అంతగా పాడుచేయదు. ఈస్టు దాన్ని కూడా చేస్తుంది, కానీ ఏదో మొహమాటానికి చేసినట్టు ఒక చుక్క. ఇథనాలుకు పోయే దారిని ఈస్టు జన్యువుల్లో మూసేసి, ఐసోబ్యుటనాలు దారిని వెడల్పు చేయడం నా పని. వినడానికి రోడ్ల శాఖ పనిలా ఉంటుంది. తీరా మొదటి దారి మూశాక ఈస్టు అలిగి కూర్చుంటుంది. పెరగదు. బతిమాలి పెంచినా, తాను చేసిన ఐసోబ్యుటనాలే తనకు విషమై చస్తుంది.

కొన్నేళ్ళ కుస్తీ తర్వాత ఆత్మకూరు ల్యాబులో ఒక రకాన్ని తయారుచేశాం. దానికి చల్లటి గది కావాలి, శుభ్రమైన చక్కెర నీళ్ళు కావాలి, చుట్టుపక్కల వేరే జీవి ఏదీ ఉండకూడదు. ఇన్ని మర్యాదలు జరిగితే చెప్పుకోదగ్గంత ఐసోబ్యుటనాలు ఇచ్చేది. గారాబంగా పెరిగిన పిల్ల అన్నమాట. దాన్ని అత్తగారింటికి పంపే తొందర మాకు లేదు. మా డైరెక్టరుగారికి ఉంది.

*స్లైడులో ఎర్ర రంగు*

డైరెక్టరుగారు నగరం నుంచి వచ్చిన మనిషి. మంచి మాటకారి. ఎవరేం చెప్పినా తల ఊపుతూ, నవ్వుతూ వినేవారు. విన్నదాన్ని పాటించడం మాత్రం వేరే శాఖ చూసుకునేది, ఆ శాఖలో ఎప్పుడూ ఖాళీలే.

తీపి జొన్న దంటులో చెరకులో లాగే తియ్యటి రసం ఉంటుంది. నీళ్ళు తక్కువైనా పండుతుంది కాబట్టి దుత్తలూరు మెట్ట పొలాలకు సరిపోతుందని రైతులతో వేయించారు. అక్కడివరకు మంచి ఆలోచనే. కానీ ఫ్యాక్టరీ మాత్రం ఆత్మకూరులో కట్టారు, స్థలం అక్కడ దొరికింది కాబట్టి. పంట ఒకచోట, రసం పులియబెట్టే తొట్టి ఒకచోట. దుత్తలూరులో రసం పిండి, ట్యాంకరులో పోసి, మెట్ట ప్రాంతపు ఎండలో ఆత్మకూరు దాకా తోలాలి.

"సార్, రసంలో పొలం నుంచే అడవి ఈస్టు వస్తుంది. దారిలోనే పులుస్తుంది. పిండిన వెంటనే ఒకసారి, తొట్టిలో పోసేముందు ఒకసారి బాగా వేడి చేయాలి" అన్నాను.

"వేడి చేయడానికి ఇంధనం కావాలి కదమ్మా" అన్నారాయన.

"కావాలి సార్."

"ఇంధనం తయారుచేయడానికి ఇంధనం ఖర్చంటే స్లైడులో ఎర్ర రంగు వస్తుంది. ఇన్వెస్టర్లకు ఎర్ర రంగు నచ్చదు."

అలా హీటరు పోయింది. ముందు స్లైడులోంచి పోయింది, తర్వాత ఫ్యాక్టరీ ప్లానులోంచి పోయింది. అడవి ఈస్టు సంగతి మళ్ళీ ఎత్తితే, "మనది సైంటిఫిక్ ఈస్టు. అదే గెలుస్తుంది" అని ధైర్యం చెప్పారు. ఈస్టులు డిగ్రీలు చూసి దారి ఇస్తాయని ఆయన నమ్మకం.

పిల్లలూ, మీకు ఇలాంటి బాసు తప్పకుండా దొరుకుతాడు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. తాము చూపించే బొమ్మనే నిజమనుకునే అమాయకులు. చెడ్డవాళ్ళతో అయితే కొంచెం సులువు.

*కలిగిరిలో ఆగిన ట్యాంకరు*

ఫ్యాక్టరీలో తొట్లు, గొట్టాలు, పులిసినదాన్ని కాచి ఇంధనం దించే బట్టీ అన్నీ చూసుకునే ఇంజనీరు ఖాదర్ బాషా. మా ఊరివాడే. వాళ్ళ నాయన ఉదయగిరిలో కొయ్య గరిటెలు, స్పూన్లు చెక్కేవాడు. మొదటి ట్యాంకరు బయలుదేరిన రోజు దారిలో ఏ తేడా రాకుండా చూడమని ఖాదర్‌ను అందులోనే కూర్చోబెట్టి పంపారు. మధ్యాహ్నం ఫోన్ వచ్చింది.

"అక్కా, కలిగిరిలో పోలీసులు ఆపినారు. ట్యాంకరులో కల్లు తోలుతుండామంట."

"అది జొన్నరసమని చెప్పు."

"చెప్పినాను. వాసన అట్లా లేదంటుండాడు ఎస్సైగారు."

"మూత మాత్రం తియ్యొద్దని చెప్పు ఖాదరూ. లోపల గ్యాసు నిండి ఉంటుంది."

అవతల కాసేపు ఏదో అలజడి. తర్వాత ఖాదర్ నింపాదిగా అన్నాడు. "తీసేసినారక్కా. సారు నిలువునా తడిసిపోయినాడు."

ఎస్సైగారు ఫోన్ తీసుకున్నారు. నేను శాస్త్రం వివరించాను. ఆయన మర్యాదగా విని, "మీరు చెప్పేదంతా నిజమే అయ్యుండొచ్చు మేడమ్. నా చొక్కా మాత్రం కల్లు వాసనే కొడతా ఉండాది" అన్నారు. కొంత చక్కెర అప్పటికే ఇథనాలు అయిపోయింది. నేను హీటరు అడిగింది అందుకే.

ఆ కబురు చెప్పినప్పుడు కూడా డైరెక్టరుగారు నవ్వారు. "చూశారా, రసం ఎంత యాక్టివ్‌గా ఉందో!" అన్నారు.

*షామియానా కింద*

ప్రదర్శన రోజు పెట్టారు. నగరం నుంచి పెట్టుబడిదారులు, దుత్తలూరు నుంచి బస్సుల్లో రైతులు. మా ఇంధనం పోసిన మోటారుసైకిలును ముఖ్య అతిథి నడపాలి, రైతులు చప్పట్లు కొట్టాలి, ఆ తర్వాత వచ్చే పంటకు ఇంకా ఎక్కువ పొలంలో తీపి జొన్న వేయమని డైరెక్టరుగారు ప్రకటించాలి. కార్యక్రమం అది.

పొద్దున ఖాదర్ బట్టీలో దిగిన ఇంధనాన్ని సీసాలో పట్టి తెచ్చాడు. ఐసోబ్యుటనాలు అయితే ఘాటుకు ముక్కు మండాలి. మూత తీస్తే తియ్యటి సారా వాసన కమ్మగా వచ్చింది. యంత్రంలో పరీక్షించాను. ఇథనాలు. దాదాపు అంతా ఇథనాలే. తొట్టిలోంచి చుక్క తీసి మైక్రోస్కోపులో చూస్తే, మా గారాల పిల్ల జాడే లేదు. రసంతో వచ్చిన అడవి ఈస్టు తొట్టినంతా ఆక్రమించి, పిల్లాపాపలతో కాపురం పెట్టేసింది.

డైరెక్టరుగారితో చెప్పాను. ఆయన కండువా సర్దుకుంటూ, "ఆల్కహాలే కదమ్మా?" అన్నారు.

"ఆల్కహాలే సార్. కానీ మనం చేస్తామన్నది కాదు. సారా."

"బండి నడుస్తుందా?"

"నడుస్తుంది."

"అంతే కావాలి. మీరు వేదిక మీద కూర్చుని నవ్వండి. మాట్లాడేది నేను చూసుకుంటాను."

బండి నడిచింది. అతిథి ఆవరణ చుట్టూ తిరిగి వచ్చి చెయ్యి ఊపారు. చప్పట్లు మోగాయి. డైరెక్టరుగారు మైకు పట్టుకుని కొత్త యుగం మొదలైందన్నారు. నేను వేదిక మీద కూర్చుని, చెప్పినట్టే నవ్వుతున్నాను. దవడలు నొప్పిపుట్టాయి.

అప్పుడు రైతుల్లోంచి మాలకొండయ్య లేచాడు. దుత్తలూరు పక్క పల్లెలో అందరికంటే ముందు తీపి జొన్న వేసింది ఆయనే. ఇంటింటికీ తిరిగి మిగతావాళ్ళ చేత వేయించిందీ ఆయనే.

"సారూ, మీరు పట్నమోళ్ళు. ఆ అమ్మ ఉదయగిరి మనిషి. ఆమెను ఒక మాట అడగతాను" అని నా వైపు తిరిగాడు. "అమ్మా, నాకు బత్తాయి తోట ఉండాది. కాపు మీద ఉండాది. అది కొట్టేసి మొత్తం జొన్న ఏద్దామనుకుంటుండా. చెట్లు పెరికే మిషను గూడా మాట్లాడినాను. కొట్టేసేదా?"

కొట్టేసిన బత్తాయి తోట మళ్ళీ కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. డైరెక్టరుగారు నా వైపు చూసి నవ్వమన్నట్టు సైగ చేశారు. నాకు ధైర్యం వచ్చిందని రాస్తే బాగుంటుంది కానీ, నిజానికి దవడలు ఇక నవ్వనన్నాయి. లేచి నిలబడ్డాను.

"తోట కొట్టొద్దన్నా. ఇప్పుడు బండిని నడిపింది మేం చేస్తామన్న ఇంధనం కాదు. మామూలు సారా. మేం పెంచిన ఈస్టు మీ జొన్నరసంలో బతకలేదు. బతికేది ఎప్పుడు తయారవుతుందో నాకు తెలియదు."

మైకు డైరెక్టరుగారి చేతిలోనే ఉంది. అయినా ఆ మాట చివరి వరస దాకా వినపడింది. ఎవరో పకపకా నవ్వారు. ముఖ్య అతిథి బండి దగ్గరికి వెళ్ళి, ట్యాంకు మూత తీసి వాసన చూశారు. అలవాటున్న మనిషే అనుకుంటాను, తల ఊపి మూత పెట్టేశారు.

మాలకొండయ్య నాకు దణ్ణం పెడతాడనుకున్నారా? ఆయన ముఖం ఎర్రబడిపోయింది.

"ఈ మాట ముందే చెప్పుండొచ్చు గదమ్మా! నా మాట మీద ఊరంతా ఏసినారే. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఊర్లోకి పోయేది?" అని కండువా విదిలించుకుని బస్సు ఎక్కేశాడు. ఆ తర్వాత చాలాకాలం ఎదురుపడ్డా పలకరించలేదు. నిజం చెప్పినవాళ్ళకు సన్మానం జరుగుతుందని ఎవరైనా మీతో అంటే, వాళ్ళు ఎప్పుడూ చెప్పి ఉండరని గ్రహించండి.

ఉదయగిరిలో సన్మానం వేరేగా జరిగింది. కరుణ కంపెనీలో సారా కాస్తోందని కబురు చర్చి దాకా పోయింది. స్త్రీల కూటమిలో నా విడుదల కోసం ప్రార్థన చేశారు. అమ్మ వాళ్ళతోపాటే మోకరించి, ఇంటికొచ్చి, "ఎందుకైనా మంచిదని నేను గూడా చేసినాను" అంది.

*శిక్ష*

డైరెక్టరుగారు నన్ను తీసేయలేదు. తీసేస్తే కారణం చెప్పాలి, ఆ కారణం మళ్ళీ సారానే. అందుకని స్టోరు గది పక్కనున్న పాత ల్యాబుకు మార్చి, మీటింగులకు పిలవడం మానేశారు. పరిశోధన చేసేవాళ్ళకు ఇది శిక్షో వరమో ఆయనకు తెలియదు. మీకు త్వరలోనే తెలుస్తుంది.

అక్కడ తీరిగ్గా కూర్చుని ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. మేం మా ఈస్టు ఎందుకు ఓడిపోయిందని విచారించాం తప్ప, గెలిచినదాని గురించి ఎవరమూ ఆలోచించలేదు. అది ఎండకు బెదరలేదు. మురికి రసంలో పెరిగింది. ఎవరి మర్యాదలూ అడగలేదు. అలాంటప్పుడు ఆ గారాల పిల్లను మెట్ట జీవితానికి అలవాటు చేయడం కంటే, మెట్టలో పుట్టి పెరిగినదానికే మా విద్య నేర్పిస్తే?

ఖాదర్‌తో చెబితే, "అంటే మన కొంపలో దూరిన దొంగనే మనం కొలువులో పెట్టుకుంటామా అక్కా?" అన్నాడు.

"పనిమంతుడైన దొంగ కదా ఖాదరూ."

"అట్లయితే మన ఆఫీసులో వాళ్ళ కంటే మేలే" అన్నాడు.

రసం నురగలోంచి ఆ అడవి ఈస్టును విడదీశాను. చెప్పినంత తేలిక కాలేదు. ల్యాబు ఈస్టు మనం చెప్పినట్టు వింటుంది, దానికి ఆ అలవాటు తరతరాలుగా చేశారు. ఇది వినదు. పైగా ఒక్కో జన్యువుకు రెండేసి ప్రతులు. ఒకదాన్ని మూస్తే రెండోదాంతో నడిపించుకుంటుంది. నేను ఇథనాలు దారి మూశానని సంబరపడటం, మర్నాడు సీసా తెరిస్తే మళ్ళీ అదే కమ్మటి సారా వాసన. ఎన్నోసార్లు ఇలాగే అయింది. దారి పూర్తిగా మూసుకున్నాక అది కూడా అలిగింది. అప్పుడు దాన్ని కొద్దికొద్దిగా ఐసోబ్యుటనాలు కలిపిన రసంలో పెంచి, చావగా మిగిలినవాటిని మళ్ళీ ఇంకొంచెం ఎక్కువ కలిపిన రసంలో పెంచి, అలా తరాల తరబడి అలవాటు చేశాం. ఒకరోజు సీసా మూత తీస్తే ఖాదర్ తుమ్మి, కళ్ళు తుడుచుకుని, అంత ఘాటులోనూ నవ్వాడు.

డైరెక్టరుగారికి కబురు పంపాం. ఆయన వచ్చి చూసి, "నేను మొదటినుంచీ లోకల్ అనే అంటున్నాను కదా" అన్నారు. మేం కాదనలేదు. ఆ మాటతో హీటరు, చిన్న తొట్టి, చిన్న బట్టీ దుత్తలూరులోనే పెట్టడానికి ఒప్పుకున్నారు. మీ ఆలోచన తనదేనని బాసు అనుకుంటే అడ్డుపడకండి. పని జరుగుతుంది.

*దుత్తలూరులో*

తొట్టి పెట్టడానికి బోరు, కరెంటు ఉన్న చోటు కావలసి వచ్చింది. చుట్టుపక్కల సరిగ్గా కుదిరింది మాలకొండయ్య పొలమే. ఖాదర్ పోయి అడిగాడు. "పెట్టుకోమను. నన్ను మాత్రం చప్పట్లు కొట్టమనొద్దు" అన్నాడట.

ఈసారి షామియానా లేదు, అతిథులు లేరు. ఆ సీజనుకు మిగిలిన కాస్త జొన్న కోసి, అక్కడికక్కడే పిండి, వేడి చేసి, చల్లార్చి మా ఈస్టు వేశాం. బట్టీలోంచి ఇంధనం దిగిన రోజున ఆ చుట్టుపక్కల ఎవరూ నిలబడలేకపోయారు. మాలకొండయ్య దూరంగా మంచం మీద కూర్చుని చూస్తున్నవాడు, కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని లేచి వచ్చాడు.

"ఏందమ్మా ఈ కంపు? పాడైపోయినాదా?"

"లేదన్నా. ఇదే కావాల్సింది."

ఆయన పొలంలో పాతకాలం పెట్రోలు ఇంజను ఒకటి ఉంది, కరెంటు లేనప్పుడు కాలవలోంచి నీళ్ళు తోడటానికి. అందులో మా ఇంధనం పోద్దామన్నాడు ఖాదర్. తాడు చుట్టి లాగుతుంటే నా ఫోన్ మోగింది. డైరెక్టరుగారు. మంచి వార్త చెబుదామని నేను నోరు తెరిచేలోపే ఆయన చెప్పారు, కంపెనీవాళ్ళు ఈ విభాగం మూసేస్తున్నారని. పెట్రోలు చౌకైందట, బోర్డుకు ఇప్పుడు బ్యాటరీల మీద ఆసక్తి కలిగిందట. మా ఈస్టును ఎవరో కొనుక్కుంటారట. "మీ కృషి వృథా కాదు" అన్నారు. ఆ వాక్యం ఆయన బాగా పలుకుతారు. వెనక కొత్త స్లైడులు తిరగేస్తున్నట్టు టకటక చప్పుడు వినిపించింది.

నేను ఫోన్ పెట్టేసేసరికి ఇంజను అందుకుంది. మొదట దగ్గింది, తర్వాత గొంతు సవరించుకుంది, ఆపైన హాయిగా తిరగసాగింది. గొట్టంలోంచి నీళ్ళు దూకాయి. ఖాదర్ కేక వేశాడు. ఎన్నో ఏళ్ళు సీసాలో వాసన చూసి, యంత్రంలో గీతలు చూసి బతికినదాన్ని. ఒక పని జరిగి నీళ్ళు మట్టిలో పారడం అప్పుడే చూశాను.

మాలకొండయ్య నీళ్ళలో చెయ్యి పెట్టి చూశాడు. ఇంజనును చూశాడు. చాలాకాలం తర్వాత నా మొహం వంక నేరుగా చూశాడు.

"ఇది సారా కాదు గదా?"

"కాదన్నా. ఈసారి నిజం."

"మీరు చెప్పిందేనా?"

"మేం చెప్పిందే."

"అయితే చెప్పు. ఈసారి మొత్తం ఏద్దామా జొన్న?"

ఖాదర్ నా వైపు ఆశగా చూశాడు. వాడికి ఫోను సంగతి తెలియదు.

"వద్దన్నా" అన్నాను. "కంపెనీ మూసేస్తుండారు. కొనేవాళ్ళు ఉండరు."

ఆయన మొహం మళ్ళీ ఎర్రబడుతుందేమోనని చూశాను. ఆయన నవ్వాడు. కండువాతో కళ్ళు తుడుచుకునేంత నవ్వాడు. అది ఘాటు వల్ల కూడా అయ్యుండొచ్చు.

"ఏం ఉద్యోగమమ్మా నీది! అబద్ధమైనప్పుడు ఏయొద్దంటివి. నిజమైనప్పుడూ ఏయొద్దంటుండావు."

ఆ మాటకు సమాధానం మీకు దొరికితే ఉదయగిరికి వచ్చి చెప్పి వెళ్ళండి. ఆ రోజు మాత్రం ఖాదర్ ఇంజను ఆపబోతే ఆయనే చెయ్యి పట్టుకుని ఆపాడు. డబ్బాలో ఉన్నది అయిపోయేదాకా ముగ్గురం గట్టు మీద నిలబడి నీళ్ళు పారడం చూశాం.